ఓపీలో టెలిమెడిసిన్: డాక్టర్లు ఎందుకు వెనకాడతారు, వాళ్లతో ఎలా మొదలుపెట్టించాలి

మన జిల్లా కేంద్రాల్లో ప్రాక్టీస్ చేస్తున్న స్పెషలిస్టుల ఫోన్లలో వాట్సాప్ నిండా పేషెంట్ల రిపోర్టులే ఉంటాయి. "క్రియాటినిన్ ఎంత వచ్చిందో ఒకసారి చూడండి సార్" అని ఒకరు, కుట్ల దగ్గర ఎర్రబడిందంటూ ఫొటో పెట్టి ఇంకొకరు, పల్లె నుంచి ఆర్ఎంపీ రాత్రి పదింటికి చేసే ఫోన్ ఒకటి. డాక్టర్ గారు భోంచేస్తూనో, కారులో వెళ్తూనో జవాబు చెబుతారు. దానికి ఫీజు లేదు, రికార్డు లేదు, వేళాపాళా లేదు. అదే డాక్టర్‌ని పిలిచి "రోజూ ఒక గంట వీడియో ఓపీ చూడండి సార్" అంటే మాత్రం "పేషెంట్‌ని చూడకుండా మందెలా రాయమంటారండీ?" అంటారు.

జరుగుతున్నది కూడా టెలిమెడిసినే. కాకపోతే డాక్టర్‌కి ఏ రక్షణా లేని, పేషెంట్‌కి ఏ కాగితమూ చేతికి రాని టెలిమెడిసిన్. దాన్ని ఓపీలోకి ఒక పద్ధతిగా తీసుకురావడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను. ఆస్పత్రి, పాలీక్లినిక్, నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లకు, ఓపీ బాధ్యత చూసే మేనేజర్లకు, సొంత క్లినిక్ ఉన్న డాక్టర్లకు ఇది పనికొస్తుంది.

మొదలుపెట్టేముందు ఒక అపోహ వదిలించుకోవాలి. డాక్టర్లు కంప్యూటర్ అంటే భయపడి టెలిమెడిసిన్ వద్దంటారని చాలామంది మేనేజ్‌మెంట్ వాళ్లు అనుకుంటారు. రోబోతో ఆపరేషన్లు చేస్తున్న సర్జన్‌కి, స్టెంట్ వేసే కార్డియాలజిస్టుకి వీడియో కాల్ చేయడం రాక కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు శాటిలైట్ లింకుతో టెలిమెడిసిన్ కేంద్రం పెట్టింది 2000లో. ఆ తర్వాత ఇరవై ఏళ్లు టెక్నాలజీ చౌకయింది, అరచేతిలోకి వచ్చింది. అయినా మామూలు ఓపీ డాక్టర్ దాని జోలికి పోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక కొన్ని వారాల్లోనే అదే డాక్టర్లు వీడియోలో పేషెంట్లను చూశారు. అప్పుడు కొత్తగా వచ్చింది యాప్ కాదు. చట్టం స్పష్టమైంది, పేషెంట్ రాలేని పరిస్థితి వచ్చింది, డాక్టర్ చేతిలో ఖాళీ సమయం ఉంది. ఓపీలు మళ్లీ నిండగానే చాలామంది పాత దారికి వెళ్లిపోయారు. అంటే డాక్టర్ నిర్ణయం సాఫ్ట్‌వేర్ మీద కంటే తన రోజు ఎలా గడుస్తుంది, బాధ్యత ఎవరి మెడకు చుట్టుకుంటుంది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. కింది మెట్లన్నీ ఈ లెక్కతోనే వేసినవి.

మెట్టు 1: ఏం కొనకముందు డాక్టర్లతో విడివిడిగా మాట్లాడండి

కొత్త టెక్నాలజీని మనుషులు ఎందుకు వాడతారు, ఎందుకు వాడరు అన్నదాని మీద పరిశోధన చాలానే ఉంది. ఉపయోగం ఉందన్న నమ్మకం, వాడటం తేలికన్న నమ్మకం, ఈ రెండే ముఖ్యమని 1989లో ఫ్రెడ్ డేవిస్ ఒక నమూనా ఇచ్చారు. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహచరులు దాన్ని విస్తరించి, చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావాన్ని, సంస్థ ఇచ్చే సదుపాయాలను కూడా కలిపారు. మనకు బాగా పనికొచ్చేది మాత్రం 1999లో హాంకాంగ్ ఆస్పత్రుల డాక్టర్ల మీద వచ్చిన అధ్యయనం. టెలిమెడిసిన్ వాడాలన్న వాళ్ల ఉద్దేశాన్ని నిర్ణయించింది అందులోని ఉపయోగమే. వాడటం తేలికా కష్టమా అన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. మామూలు ఉద్యోగుల మీద చేసిన పరిశోధనల్లో సాధారణంగా ఇలా రాదు. పేషెంట్‌కి మేలు జరుగుతుందంటే కష్టమైన పనిముట్టునైనా డాక్టర్ నేర్చుకుంటారు. మేలు కనబడకపోతే ఎంత అందమైన యాప్ ఇచ్చినా పక్కన పెడతారు.

అందుకే డెమోలు, ప్రెజెంటేషన్లు పెట్టకండి. ఒక్కో డాక్టర్ గారి దగ్గర పావుగంట తీసుకుని ఈ ప్రశ్నలు అడగండి:

- ఫోన్‌లోనే చూసినా సరిపోయేదని మీకు అనిపించిన పేషెంట్లు మీ ఓపీలో ఎవరెవరు?
- ఎలాంటి కేసుని ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోన్‌లో చూడరు?
- ఇప్పుడు రోజూ వాట్సాప్‌లో, ఫోన్‌లో ఉచితంగా ఎంతమందికి జవాబు చెబుతున్నారు? అది ఏ సమయంలో?
- వీడియో ఓపీలో మీకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం ఏది?
- వారంలో మీ ఓపీ ఎప్పుడు పలచగా ఉంటుంది?

మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. చాలామంది డాక్టర్లు ఆ లెక్క ఎప్పుడూ వేసుకుని ఉండరు. తన సాయంత్రాలు ఎక్కడికి పోతున్నాయో ఆయనే చెప్పడం మొదలుపెడితే, మీరు ఒప్పించాల్సింది సగం తగ్గుతుంది. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబుని మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, దానికి కట్టుబడండి.

మెట్టు 2: పేషెంట్లను ఎంచండి, రివ్యూలతో మొదలుపెట్టండి

టెలిమెడిసిన్ విఫలమైన చోట్ల తరచూ కనిపించే తప్పు, అన్ని రకాల పేషెంట్లకూ ఒకేసారి తలుపు తెరవడం. మొదటి వారంలోనే కడుపునొప్పితో కొత్త పేషెంట్ వీడియోలోకి వస్తే, పొట్ట నొక్కి చూడలేని సర్జన్ గారు రెండో వారం కాల్ ఎత్తరు. ఆయన చేసింది సరైనదే.

కాబట్టి ముందు డాక్టర్‌కి తెలిసిన పేషెంట్, తెలిసిన జబ్బు, మందు మోతాదు చూసుకోవడం, రిపోర్టు చూపించడం, వీటికే పరిమితం చేయండి. కేసులు విభాగాన్ని బట్టి మారతాయి.

షుగర్, బీపీ, థైరాయిడ్ రివ్యూలు వీడియోకి చక్కగా సరిపోతాయి. నిర్ణయం దాదాపు అంతా అంకెల మీదే ఉంటుంది. ఇంట్లో చూసుకున్న బీపీ వారం రోజులది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) రిపోర్టు చేతిలో ఉంటే డాక్టర్‌కి కావలసింది చాలావరకు వచ్చేసినట్టే. కాకపోతే షుగర్ పేషెంట్ పాదాలు, కంటి పరీక్ష వీడియోతో తీరవు. ఏడాదిలో ఏ రివ్యూలు నేరుగా రావాలో ముందే క్యాలెండర్‌లో వేసి పేషెంట్‌కి చెప్పండి.

మానసిక వైద్యంలో సంభాషణే పరీక్ష కాబట్టి డాక్టర్లు మిగతా విభాగాల కంటే తొందరగా ఒప్పుకుంటారు. ఆస్పత్రి గుమ్మం ఎక్కితే ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనని భయపడే పేషెంట్‌కి కూడా ఇది ఊరట. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్ కూడా ఈ అవసరం కోసమే వచ్చింది. చర్మవ్యాధుల్లో వీడియో కంటే వెలుతురులో తీసిన మంచి ఫొటోలే నయం. ఫొటోలు ముందు రావాలి, మాట తర్వాత. ఆపరేషన్ తర్వాత గాయం చూడటం, కీమో మధ్యలో రక్త పరీక్షల రిపోర్టులు చూడటం, మందు పడకపోతే మార్చడం లాంటివి కూడా బాగానే నడుస్తాయి.

ఛాతీ నొప్పి, ఆయాసం, పసిపిల్లల జ్వరం, గర్భిణికి కొత్తగా వచ్చిన ఏ ఇబ్బందైనా, మాట తడబడటం, హఠాత్తుగా వచ్చిన చూపు మందగింపు, వీటిని వీడియో జాబితాలో అసలు పెట్టకండి. ఫోన్ ఎత్తే అమ్మాయికి ఈ పట్టిక బల్ల మీద అంటించి ఉండాలి. ఈ లక్షణాల్లో ఏది వినబడినా స్లాట్ ఇవ్వకుండా నేరుగా రమ్మనో, 108కి ఫోన్ చేయమనో చెప్పే అధికారం ఆమెకి ఇవ్వండి.

మెట్టు 3: చట్టం గురించి ఒక పేజీ కాగితం చేతిలో పెట్టండి

డాక్టర్లు పైకి "టైమ్ లేదు" అంటారు. మనసులో ఉండేది చాలాసార్లు కేసు భయం. ఆ భయానికి కారణం ఉంది. మహారాష్ట్రలోని రత్నగిరిలో డాక్టర్లు ఊళ్లో లేనప్పుడు వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు సిబ్బంది చికిత్స చేసిన ఒక బాలింత చనిపోయారు. ఆ కేసులో 2018లో బాంబే హైకోర్టు ఆ డాక్టర్లకు ముందస్తు బెయిల్ నిరాకరించింది. ఆ వార్త దేశమంతా డాక్టర్ల గ్రూపుల్లో తిరిగింది. ఫోన్‌లో మందు చెప్పడమే నేరమన్న అభిప్రాయం బలపడింది.

2020 మార్చి 25న టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు వచ్చాక పరిస్థితి మారింది. అవి 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నిబంధనలకు అనుబంధంగా చేరాయి. 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటిని నిలిపేసింది. అందుకని పాత నిబంధనలూ, వాటితో పాటు 2020 మార్గదర్శకాలూ మనకు ఆధారం. డాక్టర్‌కి ఇచ్చే కాగితంలో ఉండాల్సినవి ఇవి.

రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లోనో, జాతీయ రిజిస్టర్‌లోనో పేరున్న డాక్టర్ దేశంలో ఏ మూల ఉన్న పేషెంట్‌నైనా చూడవచ్చు. వీడియో, ఆడియో, మెసేజ్ ఏదైనా వాడవచ్చు. ఏది సరిపోతుందో, అసలు టెలిమెడిసిన్ సరిపోతుందో లేదో తేల్చేది డాక్టరే. మధ్యలో "ఇది ఇలా కుదరదు, నేరుగా రండి" అని ఆపేయవచ్చు. డాక్టర్లకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే వాక్యం ఇదే, కాగితంలో మొదట పెట్టండి.

పేషెంట్ తనంతట తాను కాల్ చేస్తే సమ్మతి ఉన్నట్టే. డాక్టర్, ఆరోగ్య కార్యకర్త లేదా పేషెంట్ తరఫు మనిషి మొదలుపెడితే పేషెంట్ స్పష్టంగా ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు రికార్డులో ఉండాలి. మైనర్ అయితే పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి.

మందుల విషయంలో నాలుగు గదులున్నాయి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, దగ్గు బిళ్లలు లాంటివి ఏ పద్ధతిలో మాట్లాడినా రాయవచ్చు. రెండో జాబితా మందులను మొదటి సంప్రదింపు వీడియోలో జరిగితేనే రాయాలి, లేదా పాత మందులను కొనసాగించడానికి రాయవచ్చు. మూడోది, నేరుగా చూసి మొదలుపెట్టిన చికిత్సకి రివ్యూలో అదనంగా చేర్చే మందులు. బీపీకి ఇప్పటికే ఒక మాత్ర వాడుతున్నవాళ్లకు ఇంకొకటి కలపడం లాంటివి. నాలుగోది నిషేధిత జాబితా: షెడ్యూల్ ఎక్స్ మందులు (అమ్మకం మీద కఠిన నియంత్రణ ఉన్నవి), 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి. సైకియాట్రీ, నొప్పి నివారణ విభాగాలు ఈ జాబితాలను తమ ఫార్మసిస్టుతో కూర్చుని ఒక్కో మందు పేరు పెట్టి చూసుకోవాలి.

రివ్యూ అంటే ఏమిటో కూడా మార్గదర్శకాల్లోనే ఉంది: అదే జబ్బుకి, ముందు చూసి ఆరు నెలలు దాటకుండా. ఆరు నెలలు దాటినా, జబ్బు వేరైనా అది మొదటి సంప్రదింపే. మీ సాఫ్ట్‌వేర్ ఈ తేదీ తనంతట తాను చూపించేలా పెట్టించండి. డాక్టర్ లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

మేనేజ్‌మెంట్‌కి కూడా మూడు మాటలు. పేషెంట్ నేరుగా వస్తానంటుంటే వీడియోనే చేసుకోమని ఒత్తిడి పెట్టడం వృత్తిపరమైన తప్పు. ప్రకటనలతో, బహుమతులతో టెలి పేషెంట్లను ఆకర్షించడం కూడా అంతే. బస్టాండ్‌లో హోర్డింగ్ పెట్టేముందు ఇది డాక్టర్ రిజిస్ట్రేషన్‌కి సంబంధించిన సంగతని గుర్తుంచుకోండి. కృత్రిమ మేధ సాయపడవచ్చు కానీ, పేషెంట్‌కి సలహా ఇవ్వడం, మందు రాయడం డాక్టరే చేయాలి.

మెట్టు 4: డాక్టర్ రోజులో చోటు, పక్కన ఒక మనిషి

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మెట్టు ఇది. మిగతావన్నీ సరిగ్గా ఉండి ఇదొక్కటి తప్పినా టెలి ఓపీ నిలవదు.

బయట నలభై టోకెన్లు ఉన్నప్పుడు మధ్యలో వీడియో కాల్ పెట్టకండి. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు "మా నంబర్ దాటేశారు" అని ఫ్రంట్ ఆఫీస్ మీద పడతారు, డాక్టర్ చిరాకు పడతారు, వీడియోలో ఉన్న పేషెంట్‌కి ఆ చిరాకే కనబడుతుంది. టెలి ఓపీకి విడిగా గంట కేటాయించండి. ఉదయం ఓపీ అయ్యాక, భోజనం తర్వాత సాయంత్రం ఓపీ మొదలయ్యేలోపు ఉన్న సమయం చాలామందికి నచ్చుతుంది. వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి. ఒక స్లాట్ పది నిమిషాలనుకుంటే గంటకి నలుగురికి మించి ఇవ్వకండి. మిగిలిన సమయం లైన్ తెగినందుకు, ముసలావిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడినందుకు, ప్రిస్క్రిప్షన్ రాసుకున్నందుకు పోతుంది.

డాక్టర్ స్క్రీన్ ముందుకు వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలి. దానికి ఒక నర్సునో, చురుకైన ఓపీ అసిస్టెంట్‌నో కోఆర్డినేటర్‌గా పెట్టండి. ఆమె స్లాట్‌కి అరగంట ముందు పేషెంట్‌కి ఫోన్ చేసి ఇలా మాట్లాడాలి:

"నమస్కారమండి, ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాను. రెండున్నరకి డాక్టర్ గారు మీతో వీడియోలో మాట్లాడతారు. మీ పేరు, వయసు ఒకసారి చెప్తారా? ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ దగ్గర పెట్టుకోండి. ఈరోజు బీపీ చూసుకున్నారా? కొత్త రిపోర్టులుంటే ఈ నంబర్‌కి ఫొటో తీసి పంపండి. వెలుతురున్న చోట కూర్చోండి, పక్కన మీవాళ్లు ఎవరైనా ఉంటే మంచిది. ఛాతీలో నొప్పి, ఆయాసం లాంటివి ఏమైనా ఉన్నాయా?"

ఈ ఐదు నిమిషాల ఫోన్ వల్ల డాక్టర్ పని సగం తగ్గుతుంది. పేరు సరిచూడటం, సమ్మతి, మందుల జాబితా, బరువు, బీపీ, షుగర్ అంకెలు, అపాయ లక్షణాల వడపోత, అన్నీ ఇక్కడే తీరిపోతాయి. లైన్ కలిపేది కూడా కోఆర్డినేటరే. డాక్టర్ లింకులు పంపుకుంటూ కూర్చున్న రోజున ఆయన వెనక్కి వెళ్లిపోతారు.

కాల్ అయ్యాక ప్రిస్క్రిప్షన్ రాసి సంతకం పెట్టడం వరకే డాక్టర్ పని. దాన్ని ఫొటోగానో పీడీఎఫ్‌గానో పేషెంట్‌కి పంపడం, మందులు ఎలా వేసుకోవాలో మళ్లీ ఒకసారి చెప్పడం, తర్వాతి తేదీ ఇవ్వడం కోఆర్డినేటర్ చూస్తారు. ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ తప్పనిసరి. కన్సల్టేషన్ వివరాలు ఓపీ ఫైల్ ఉన్న చోటే ఉండాలి. వీడియోలో చూసింది ఒక యాప్‌లో, నేరుగా చూసింది ఇంకో పుస్తకంలో ఉంటే డాక్టర్‌కి అసలైన ఉపయోగమే పోతుంది.

డాక్టర్ సొంత వాట్సాప్ నంబర్ సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. ఆస్పత్రి పేరుతో ఒక నంబర్ తీసుకుని, ఇకమీదట రిపోర్టులన్నీ అక్కడికే రావాలని పేషెంట్లకు చెప్పండి. డాక్టర్ ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లకు "రిపోర్టులు ఈ నంబర్‌కి పంపండి, మంగళవారం స్లాట్‌లో మాట్లాడతాను" అనే జవాబు తయారుగా పెట్టండి. సాయంత్రాలు మళ్లీ తనవైనప్పుడు టెలి ఓపీ మీద డాక్టర్‌కి కలిగే అభిమానం ఏ ట్రైనింగ్‌తోనూ రాదు.

మెట్టు 5: డబ్బు మాట ముందే మాట్లాడండి

టెలి కన్సల్టేషన్‌కి ఓపీ ఫీజుతో సమానంగా తీసుకోవచ్చని మార్గదర్శకాలే చెబుతున్నాయి, రసీదు ఇవ్వాలి. అయినా చాలాచోట్ల సగం ఫీజు పెడతారు. "చూడకుండా ఇంత తీసుకోవడమేంటి" అన్న మొహమాటం. నా అభిప్రాయంలో ఫీజు తగ్గించకూడదు. ఫీజు తగ్గిస్తే పని విలువ తక్కువని డాక్టర్‌కీ పేషెంట్‌కీ ఇద్దరికీ చెప్పినట్టే. గుంటూరుకో వరంగల్‌కో ఛార్జీలు పెట్టుకుని, ఒక రోజు కూలి వదులుకుని, తోడు మనిషిని తీసుకుని వచ్చే పేషెంట్‌కి అసలు ఖర్చు ఫీజు కాదు, ప్రయాణం. అది మిగులుతోంది.

ఫీజు యూపీఐలో ముందే రావాలి, ఆ తర్వాతే స్లాట్ ఖాయం కావాలి. ఓపీ ఫీజులో డాక్టర్‌కి ఎంత వాటా ఉంటుందో టెలిలోనూ అంతే, అదే రోజు లెక్కలోకి రావాలి. జీతం మీద పనిచేసే డాక్టర్లకు టెలి గంట డ్యూటీ గంటగానే నమోదు కావాలి. ఇంటికెళ్లాక చేసే అదనపు సేవగా మిగిలితే రెండు నెలల్లో ఆగిపోతుంది.

మేనేజ్‌మెంట్ కూడా తన లెక్క తనకు నిజాయితీగా చెప్పుకోవాలి. నేరుగా వచ్చిన పేషెంట్ ఫార్మసీలో మందులు కొంటాడు, ల్యాబ్‌లో పరీక్షలు చేయించుకుంటాడు. వీడియోలో వచ్చినవాడు ఊళ్లోనే కొనుక్కుంటాడు. ఆ ఆదాయం తగ్గుతుందని లోపల బాధపడుతూ, పైకి టెలిమెడిసిన్ పెంచమంటే డాక్టర్లు ఇట్టే పసిగడతారు. నేరుగా రానక్కర్లేని రివ్యూలు తగ్గితే ఆ కుర్చీలో కొత్త పేషెంట్ కూర్చుంటాడు, ఆస్పత్రికి లాభం అటువైపు నుంచి వస్తుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల విషయంలో, టెలి కన్సల్టేషన్లను పాలసీ నిబంధనల ప్రకారం క్లెయిముల్లో అనుమతించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 జూన్‌లోనే కంపెనీలకు చెప్పింది. ఓపీ కవర్ ఉన్న పాలసీ అయితే ఆ రసీదు పనికొస్తుంది.

మెట్టు 6: పరికరాలు

దీని మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. తలుపు వేసుకునే గది, తీగతో వచ్చే ఇంటర్నెట్, అది పోతే మొబైల్ డేటా, మంచి మైకు ఉన్న హెడ్‌సెట్, రెండు తెరలు. ఒక తెర మీద పేషెంట్, రెండో దాని మీద పాత ఫైల్. కెమెరా నాణ్యత కంటే మాట స్పష్టంగా వినబడటం ముఖ్యం. వీడియో ఆగిపోతే వెంటనే మామూలు ఫోన్ కాల్‌కి మారే పద్ధతి ముందే అనుకోవాలి. పేషెంట్ కొత్త యాప్ దింపుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ తీసుకోకండి. లింక్ నొక్కితే తెరుచుకునేదే మేలు.

పేషెంట్ వివరాల రక్షణకు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉంది. రిపోర్టులు సిబ్బంది సొంత ఫోన్లలో మిగిలిపోకుండా చూడటంతో మొదలుపెట్టండి. పేషెంట్‌కి చెప్పి ఒప్పించకుండా కాల్ రికార్డ్ చేయకండి.

మెట్టు 7: మొదటి డాక్టర్ ఎవరన్నది జాగ్రత్తగా ఎంచండి

డాక్టర్లు మేనేజర్ మాట కంటే సాటి డాక్టర్ మాట వింటారు. అందుకని మొదట ఎవరితో మొదలుపెడతారన్నది చాలా ముఖ్యం. కంప్యూటర్ బాగా తెలిసిన కుర్ర డాక్టర్‌ని ఎంచుకోవాలనిపిస్తుంది. వద్దు. "ఆయనకి ఓపీ లేదు కాబట్టి చేస్తున్నాడు" అంటారు. మంచి ఓపీ ఉన్న, రివ్యూలతో సతమతమవుతున్న, మిగతావాళ్లు సలహా అడిగే సీనియర్ ఫిజీషియన్‌నో ఎండోక్రైనాలజిస్టునో ఎంచుకోండి. ఆయన లంచ్ టేబుల్ దగ్గర "మంగళవారం రివ్యూలు వీడియోలో అయిపోతున్నాయి, సాయంత్రం ఓపీ తేలికైంది" అని ఒక్క మాటంటే చాలు.

ట్రైనింగ్ కూడా సాటి డాక్టరే ఇవ్వాలి. బటన్లు నేర్పడం పావుగంట పని. నేర్పాల్సింది చేయి వేయకుండా పరీక్ష చేయించే పద్ధతి: పేషెంట్ చేతే కాలి వాపు మీద వేలితో నొక్కించి గుంట పడుతుందో లేదో చూడటం, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో వినడం, గది లోపల నడిపించి చూడటం, నాలుక, కనురెప్ప లోపలి రంగు వెలుతురులో చూపించమనడం. కొన్ని కేసులు చేసి చూశాక, ఏది తెర మీద తెలుస్తుందో ఏది తెలియదో డాక్టర్‌కే అంచనా వస్తుంది. ఆ అంచనా వచ్చినప్పుడే అసలు నమ్మకం.

ఎవరైనా వద్దంటే వదిలేయండి. ఆర్డర్ వేసి చేయించిన టెలి ఓపీలో పేషెంట్‌కి న్యాయం జరగదు.

మెట్టు 8: పేషెంట్ వైపు అడ్డంకులు డాక్టర్‌ని చేరకుండా చూడండి

పెద్దవయసు పేషెంట్‌కి చాలాసార్లు కీప్యాడ్ ఫోనే ఉంటుంది. వీడియో కొడుకు ఫోన్‌లోనో మనవరాలి ఫోన్‌లోనో రావాలి. కాబట్టి స్లాట్ పేషెంట్‌కి ఖాళీ ఉన్న వేళ కాదు, ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లు ఉండే వేళ ఇవ్వండి. ఆడవాళ్ల విషయంలో ఇంకో సంగతి: ఫోన్ భర్తదో మామగారిదో అయితే, కొన్ని ఇబ్బందులు వాళ్ల ముందు చెప్పలేరు. "అమ్మా, మీరొక్కరే మాట్లాడగలరా?" అని కోఆర్డినేటర్ ముందే అడగాలి. కుదరదంటే నేరుగా రమ్మనడమే మంచిది.

విదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల రివ్యూలో కలుస్తామంటారు. డల్లాస్ నుంచి కూతురు కాల్‌లో చేరి తండ్రి మందుల గురించి అడగడం బాగానే ఉంటుంది, ఆయన ఒప్పుకుంటే. పైగా మందులు సరిగా వేసుకుంటున్నారో లేదో చూసే మనిషి ఒకరు పెరుగుతారు. అయితే అక్కడున్న ఆ కూతురికి చికిత్స చేయడం వేరు. మన మార్గదర్శకాలు దేశం వెలుపల ఉన్నవాళ్లకు చేసే సంప్రదింపులకు వర్తించవు. ఆ తేడా డాక్టర్‌కీ ఫ్రంట్ ఆఫీస్‌కీ స్పష్టంగా తెలిసి ఉండాలి.

మెట్టు 9: పేషెంట్ పక్కన చేయి వేసే మనిషిని పెట్టండి

"ముట్టుకోలేను" అన్న అభ్యంతరానికి అన్నిటికన్నా మంచి జవాబు ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో ఉంది. 2019 నవంబర్‌లో ఇది మొదలైనప్పుడు ముందుగా అమలు చేసింది ఆంధ్రప్రదేశే. పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో పేషెంట్ పక్కన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉంటారు, హబ్‌లో, అంటే డాక్టర్లు కూర్చునే కేంద్రంలో, డాక్టర్ ఉంటారు. బీపీ చూడటం, ఉష్ణోగ్రత, షుగర్, అవసరమైన చోట నొక్కి చూసి చెప్పడం ఆ ఆఫీసర్ పని. ఇంటి నుంచే పేషెంట్ నేరుగా డాక్టర్‌తో మాట్లాడే ఓపీడీ పద్ధతి లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో వచ్చింది. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవనిలో మొత్తం 10 కోట్ల సంప్రదింపులు దాటాయి, అందులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం.

ప్రైవేటు ఆస్పత్రి కూడా ఈ పద్ధతి తీసుకోవచ్చు. మండల కేంద్రంలో మీ ల్యాబ్ శాంపిల్స్ తీసుకునే సెంటర్ ఉంటే, అక్కడ శిక్షణ ఉన్న ఒక నర్సు, బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్, బరువు చూసే యంత్రం, ఈసీజీ పెట్టండి. రక్తం ఇవ్వడానికి వచ్చిన పేషెంట్ రిపోర్టు వచ్చిన రోజున అక్కడి నుంచే డాక్టర్‌తో మాట్లాడతాడు. ఇంటి నుంచి వచ్చే వీడియోకి ససేమిరా అన్న కార్డియాలజిస్టులు కూడా ఈ ఏర్పాటుకి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అటువైపు ఉన్నది వాళ్లు నమ్మగల కొలత.

ప్రభుత్వ హబ్‌లలో పనిచేసే అధికారులకు ఒక మాట. రోజుకి ఇన్ని కాల్స్ అని టార్గెట్ పెడితే అంకె వస్తుంది, వైద్యం పలచబడుతుంది. కాల్స్ సంఖ్య బదులు, పీహెచ్‌సీకి లేదా జిల్లా ఆస్పత్రికి పంపిన పేషెంట్ నిజంగా అక్కడికి చేరాడా లేదా అన్నది అడగండి. తాను చెప్పిన సలహా ఏమైందో తెలిస్తేనే హబ్ డాక్టర్‌కి ఆ కుర్చీలో కూర్చోవాలనిపిస్తుంది.

మెట్టు 10: మూడు నెలలకు ఏం చూడాలి

ఎంతమందిని చూశారన్న లెక్క ఒక్కటే పెట్టుకోకండి. ఇవి రాసుకోండి: డాక్టర్ తనంతట తాను తర్వాతి నెల స్లాట్లు తెరిచారా, కోఆర్డినేటర్ అడిగితే తెరిచారా? టెలిలో చూసినవాళ్లలో వారంలోపు అదే సమస్యతో నేరుగా వచ్చినవాళ్లు ఎంతమంది? మధ్యలో ఆపి నేరుగా రమ్మన్నవి ఎన్ని? సగంలో తెగిపోయిన కాల్స్ ఎన్ని? డాక్టర్ సొంత ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు తగ్గాయా?

నేరుగా రమ్మన్నవి అసలు సున్నా ఉంటే సంతోషించకండి. ఎవరో రమ్మనాల్సినవాళ్లను కూడా ఫోన్‌లోనే చూస్తున్నారని అనుమానించి ఆ ఫైళ్లు తీయించండి. వారంలోపు తిరిగొచ్చిన కేసులను నెలకొకసారి డాక్టర్లే కూర్చుని చూడాలి. మేనేజర్ ఆ గదిలో ఉండకపోవడమే మంచిది. అక్కడ తేలినదాన్ని బట్టి మెట్టు 2లోని పట్టిక మార్చండి. ఒక జబ్బు జాబితాలోంచి తీసేయాల్సి రావచ్చు, ఇంకొకటి చేర్చవచ్చు. మార్చిన పట్టికను ఆ రోజే ఫ్రంట్ ఆఫీస్ బల్ల మీద పాతది తీసి అంటించండి.